సదిశ కొలత, యాంటెన్నా మ్యాచింగ్: అరచేతి నెట్‌వర్క్ ఎనలైజర్ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

వ్యాససంగ్రహం:
యాంటెన్నా బాగుందో లేదో తేల్చుకోవడానికి రేడియో నిర్వాహకులు చాలాకాలంగా ‘స్థిరతరంగ నిష్పత్తి’ అనే ఒకే ఒక్క సంఖ్యను నమ్ముకున్నారు. అరచేతిలో ఇమిడే వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్లు చౌకగా దొరకడం మొదలైన తరువాత, ఆ సంఖ్య వెనుక దాగిన అవరోధాన్ని, దశను కూడా సామాన్య ప్రయోగశాలలోనే చూడడం సాధ్యమైంది. అయితే ఆ పరికరం చూపేది యాంటెన్నాను కాదు. కాలిబ్రేషన్ చేసిన బిందువు దగ్గర నుంచి కనిపించే దృశ్యాన్ని. ఈ భేదాన్ని కేంద్రంగా చేసుకొని కొలత, మ్యాచింగ్ ప్రక్రియలను 7 మెగాహెర్ట్జ్ డైపోల్ ఉదాహరణతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యాంటెన్నా, అవరోధం, పరావర్తన గుణకం, స్థిరతరంగ నిష్పత్తి, స్మిత్ చార్ట్, కాలిబ్రేషన్, మ్యాచింగ్.

1. ఉపోద్ఘాతం

తెలుగు నేలపై రేడియో యాంటెన్నా అంటే ఆకాశవాణి స్తంభాలు మాత్రమే కాదు. జహీరాబాద్ సమీపంలోని మాచ్‌నూరులో దళిత మహిళలు నడిపే ‘సంఘం రేడియో’ 2008 అక్టోబరు నుంచి 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారాలు చేసింది. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ హామ్ రేడియో శిక్షణకు దేశవ్యాప్తంగా పేరు పొందింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకి మొబైల్ సేవలు స్తంభించినప్పుడు, మొబైల్ టవర్లపై ఆధారపడని సమాచార మార్గాల అవసరం అందరికీ తెలిసివచ్చింది. ఇటువంటి చిన్న కేంద్రాలకు పెద్ద సంస్థలకు ఉండే ఇంజనీర్లు, లక్షల విలువైన పరికరాలు ఉండవు. సముదాయ రేడియోకు 2006 నాటి మార్గదర్శకాలు సాధారణంగా అనుమతించిన ప్రభావిత వికిరణ శక్తి 100 వాట్లు మాత్రమే. అంత తక్కువ శక్తిలో సగం కేబుల్‌లోనే వేడిగా మారిపోతే ఊరి చివరి ఇంటికి కార్యక్రమం చేరదు. చేరలేదన్న సంగతి కేంద్రంలోని మీటరు చెప్పకపోవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

2. ఒకే సంఖ్య, నాలుగు యాంటెన్నాలు

ట్రాన్స్‌మిటర్ నుంచి బయలుదేరిన తరంగం కేబుల్ ద్వారా యాంటెన్నాను చేరుతుంది. కేబుల్ స్వాభావిక అవరోధం, యాంటెన్నా అవరోధం సమానమైతే శక్తి అంతా యాంటెన్నాలోకి వెళుతుంది. లేకపోతే కొంత భాగం వెనుకకు పరావర్తనం చెందుతుంది. పోయే తరంగం, తిరిగివచ్చే తరంగం కలిసి కేబుల్ పొడవునా స్థిరతరంగాన్ని ఏర్పరుస్తాయి. దాని గరిష్ఠ, కనిష్ఠ వోల్టేజీల నిష్పత్తే స్థిరతరంగ నిష్పత్తి. రేడియో నిర్వాహకుల వాడుకలో ఇది ‘ఎస్.డబ్ల్యూ.ఆర్.’

తిరిగివచ్చిన తరంగాన్ని పోయిన తరంగంతో భాగిస్తే వచ్చేది పరావర్తన గుణకం. యాంటెన్నా అవరోధం నుంచి కేబుల్ అవరోధాన్ని తీసివేసి, ఆ భేదాన్ని రెండింటి మొత్తంతో భాగించినా ఇదే వస్తుంది. ఇది సంకీర్ణ సంఖ్య. దీనికి పరిమాణంతో పాటు దశ కూడా ఉంటుంది. ఎస్.డబ్ల్యూ.ఆర్. మీటరు పరిమాణాన్ని మాత్రమే ఉంచుకొని దశను వదిలివేస్తుంది. ఆ వదిలివేతలో ఎంత నష్టం ఉందో చూపడానికి ఒక చిన్న లెక్క చాలు.

50 ఓమ్‌ల కేబుల్‌కు నాలుగు వేర్వేరు యాంటెన్నాలు తగిలించారనుకుందాం. వాటి అవరోధాలు వరుసగా 25 ఓమ్‌లు, 100 ఓమ్‌లు, 40 + జె30 ఓమ్‌లు, 40 − జె30 ఓమ్‌లు. నాలుగింటికీ పరావర్తన గుణకం పరిమాణం సరిగ్గా మూడింట ఒక వంతే. నాలుగింటికీ ఎస్.డబ్ల్యూ.ఆర్. 2. నాలుగింటి నుంచీ 11 శాతం శక్తి వెనుకకు వస్తుంది. మీటరు దృష్టిలో నాలుగూ ఒకటే. కాని మొదటిదాని నిరోధం తక్కువ, రెండవదాని నిరోధం ఎక్కువ. సాధారణ డైపోల్ విషయంలో మూడవది ఉండవలసినదాని కంటే పొడవుగా ఉంది, నాలుగవది పొట్టిగా ఉంది. ఒకదానికి చేయవలసిన చికిత్స మరొకదానికి హాని చేస్తుంది. 40 − జె30 చూపుతున్న తీగను ‘ఎస్.డబ్ల్యూ.ఆర్. ఎక్కువగా ఉంది’ అన్న ఒక్క కారణంతో కత్తిరిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్ పేరులోని ‘వెక్టర్’ ఈ దశనే సూచిస్తుంది. పరిభాష దృష్ట్యా ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన పాఠ్యపుస్తకాలు వెక్టర్‌ను ‘సదిశ’ అంటాయి. ఆ మాట వినగానే అంతరిక్షంలో దిశ గుర్తుకు వస్తుంది. యాంటెన్నా తరంగాలను ఏ వైపు ప్రసరింపజేస్తుందో ఈ పరికరం కొలుస్తుందని విద్యార్థి పొరబడే అవకాశం ఉంది. నిజానికి ఇక్కడి ‘దిశ’ సంకీర్ణ సంఖ్యా తలంలోని కోణం, అంటే దశ. యాంటెన్నా తూర్పుకు ప్రసరిస్తోందా, పడమరకా, అసలు ప్రసరిస్తోందా లేదా అన్న ప్రశ్నలకు పరావర్తనాన్ని కొలిచే పరికరం దగ్గర సమాధానం లేదు. 50 ఓమ్‌ల నిరోధకాన్ని తగిలిస్తే అది ఎస్.డబ్ల్యూ.ఆర్. 1 చూపుతుంది, ఆ నిరోధకం మాత్రం వేడెక్కడం తప్ప మరేమీ చేయదు.

3. పరికరం లోపల

చాలాకాలం వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్ అంటే ప్రయోగశాల బల్లపై ఉండే ఖరీదైన బరువైన యంత్రం. జపానుకు చెందిన ఒక ఔత్సాహికుడు రూపొందించి, రేఖాచిత్రాలను, ప్రోగ్రామును బహిరంగంగా పంచిన ‘నానోవీఎన్‌ఏ’ ఈ స్థితిని మార్చింది. 2019 నుంచి చైనాలో తయారైన దాని ప్రతిరూపాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. తొలి రూపం 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది. 300 మెగాహెర్ట్జ్ దాటిన తరువాత సంకేత జనకం ఉత్పత్తిచేసే చతురస్ర తరంగంలోని బేసి హరాత్మకాలను వాడుకుంటుంది కనుక అక్కడ నిర్దిష్టత తగ్గుతుంది. 7 మెగాహెర్ట్జ్ హామ్ యాంటెన్నాకు గాని, 90 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. యాంటెన్నాకు గాని ఈ పరిమితి అడ్డు కాదు.

పరికరం హృదయం ఇంటర్మీడియట్ విద్యార్థికి కూడా తెలిసినదే: వీట్‌స్టన్ బ్రిడ్జి. మూడు భుజాలలో 50 ఓమ్‌ల నిరోధకాలు, నాలుగవ భుజంలో కొలవవలసిన యాంటెన్నా. యాంటెన్నా కూడా సరిగ్గా 50 ఓమ్‌లైతే బ్రిడ్జి సంతులనంలో ఉంటుంది, మధ్యలో వోల్టేజీ రాదు. సంతులనం తప్పినప్పుడు వచ్చే వోల్టేజీని గణిస్తే, అది ఇచ్చిన వోల్టేజీలో పరావర్తన గుణకానికి సరిగ్గా సగం వంతుగా తేలుతుంది. పాఠశాలలో నిరోధం కనుక్కోవడానికి నేర్చిన బ్రిడ్జి ఇక్కడ తరంగ పరావర్తనాన్ని నేరుగా చూపుతుందన్నమాట. ఆ వోల్టేజీని మిక్సర్ ద్వారా శ్రవ్య పౌనఃపున్యానికి దించి, ధ్వనిని అంకెలుగా మార్చే సాధారణ చిప్‌తో పరిమాణాన్ని, దశను లెక్కిస్తారు. ధర తగ్గడానికి ప్రధాన కారణం ఈ ఉపాయమే.

ఫలితాన్ని తెరపై రెండు రూపాలలో చూడవచ్చు. ఒకటి పౌనఃపున్యానికి ఎస్.డబ్ల్యూ.ఆర్. గీసిన వక్రరేఖ. రెండవది స్మిత్ చార్ట్. బెల్ ప్రయోగశాలల ఇంజనీరు ఫిలిప్ స్మిత్ దీనిని 1939లో ప్రకటించారు. జపానులో మిజుహాషి తోసాకు 1937లోనే ఇటువంటి పటాన్ని రూపొందించారు. వృత్తం కేంద్రం 50 ఓమ్‌లు. కుడి అంచు తెరచిన వలయం, ఎడమ అంచు షార్ట్. పై సగం ప్రేరక స్వభావం, కింది సగం కెపాసిటర్ స్వభావం. కేంద్రం నుంచి ఉన్న దూరమే పరావర్తన గుణకం పరిమాణం. పైన చెప్పిన నాలుగు యాంటెన్నాలు కేంద్రం చుట్టూ ఒకే వృత్తంపై నాలుగు చోట్ల కూర్చుంటాయి. ఎస్.డబ్ల్యూ.ఆర్. మీటరు వృత్తాన్ని మాత్రమే చెప్పగలదు. స్మిత్ చార్ట్ ఆ వృత్తంపై స్థానాన్ని చూపుతుంది.

4. కొలత ఎక్కడ మొదలవుతుంది?

పరికరాన్ని పెట్టెలోంచి తీసి, యాంటెన్నా తగిలించి, తెరపై వచ్చిన సంఖ్యలను రాసుకోవడం చాలాచోట్ల కనిపించే పద్ధతి. అలా వచ్చిన సంఖ్యలకు విలువ లేదు. బ్రిడ్జి సంపూర్ణం కాదు, కనెక్టర్లు సంపూర్ణం కావు, మధ్యలోని తీగ దశను తిప్పుతుంది. ఈ దోషాలను ముందే కొలిచి తీసివేయడమే కాలిబ్రేషన్. ఇందుకు పరికరంతో మూడు చిన్న కొసలు ఇస్తారు: ఓపెన్, షార్ట్, 50 ఓమ్‌ల లోడ్. ఒక్కొక్క పౌనఃపున్యం దగ్గర మూడు తెలియని దోషాలు ఉంటాయి. పరావర్తన గుణకం +1, −1, 0 అని ముందే తెలిసిన మూడు వస్తువులను కొలిస్తే మూడు సమీకరణాలు వస్తాయి. వాటిని పరికరం తానే సాధిస్తుంది. ఐసొలేషన్, త్రూ అనే తక్కిన రెండు మెట్లు రెండవ ద్వారాన్ని వాడే కొలతలకు అవసరం. యాంటెన్నా పరావర్తనానికి మొదటి మూడు చాలు.

ఈ మూడు కొసలను ఎక్కడ తగిలించారో అదే కొలతకు మూలబిందువు. పరికరం ముఖద్వారం దగ్గర కాలిబ్రేషన్ చేసి, తరువాత కేబుల్ కలిపి, దాని చివర యాంటెన్నా తగిలిస్తే తెరపై వచ్చేది కేబుల్ మొదట్లో కనిపించే అవరోధం. 50 ఓమ్‌ల కేబుల్ పొడవు పావు తరంగమైతే, చివర ఉన్న 25 ఓమ్‌లు మొదట్లో 100 ఓమ్‌లుగా కనిపిస్తాయి. అర తరంగమైతే మళ్లీ 25 ఓమ్‌లే. ప్లాస్టిక్ నింపిన సాధారణ కేబుల్‌లో తరంగ వేగం శూన్యంలోని వేగంలో సుమారు 0.66 వంతు. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్క మీటరు కేబుల్ చాలు, పరావర్తన గుణకం కోణం దాదాపు 26 డిగ్రీలు తిరుగుతుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 5 సెంటీమీటర్ల అదనపు జోడింపే ఆ పని చేస్తుంది. ఎస్.డబ్ల్యూ.ఆర్. దాదాపు మారదు కనుక ఈ తప్పు బయటపడదు. అవరోధం మాత్రం పూర్తిగా మరొకటిగా కనిపిస్తుంది. ఆ సంఖ్యను నమ్మి మ్యాచింగ్ వలయం కట్టి యాంటెన్నా దగ్గర బిగిస్తే అది పనిచేయదు. కేబుల్‌ను ముందే కలిపి, దాని దూరపు కొస దగ్గర, అంటే యాంటెన్నాను తగిలించే చోటనే కాలిబ్రేషన్ చేయడం సరైన మార్గం.

పౌనఃపున్య పరిధి ఎంపిక కూడా అంతే ముఖ్యం. తొలి నానోవీఎన్‌ఏ ఒక పరిధిలో 101 బిందువులను కొలుస్తుంది. మొత్తం 900 మెగాహెర్ట్జ్ పరిధిని ఎంచుకుంటే రెండు బిందువుల మధ్య దూరం 9 మెగాహెర్ట్జ్. భారతదేశంలో హామ్‌లకు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండ్ అంతా ఆ సందులో కనబడకుండా పోతుంది. 6.5 నుంచి 7.7 వరకు పెట్టుకుంటే దూరం 12 కిలోహెర్ట్జ్‌కు తగ్గుతుంది. పరిధి మార్చిన ప్రతిసారీ కాలిబ్రేషన్ తిరిగి చేయడం మంచిది.

కాలిబ్రేషన్ పూర్తయ్యాక అవే కొసలను మళ్లీ తగిలించి ‘సరిగా ఉంది’ అనుకోవడం పరీక్ష కాదు. పరికరానికి నేర్పిన జవాబునే అది అప్పజెబుతుంది. వేరే తెలిసిన వస్తువు కావాలి. మరొక 100 ఓమ్‌ల నిరోధకాన్ని పొట్టి కాళ్లతో తగిలించి, ఎస్.డబ్ల్యూ.ఆర్. 2, అవరోధం 100 చుట్టూ వస్తే కొలతను నమ్మవచ్చు.

5. డైపోల్‌ను కొలవడం

కళాశాల మేడపై 7.1 మెగాహెర్ట్జ్‌కు అర తరంగ డైపోల్ కట్టే సందర్భాన్ని తీసుకుందాం. 142.5ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మీటర్లలో మొత్తం పొడవు వస్తుందన్నది వాడుకలోని సూత్రం. ఇక్కడ అది సుమారు 20 మీటర్లు. కట్టేవారు తెలివిగా కొంచెం ఎక్కువే తీసుకుంటారు, 20.4 మీటర్లు అనుకుందాం. ఆ ఎక్కువ ఎందుకంటే తీగను కత్తిరించడం సులువు, అతకడం కష్టం.

కొలిచినప్పుడు ప్రతిరోధం, అంటే అవరోధంలోని కల్పిత భాగం, 6.95 మెగాహెర్ట్జ్ దగ్గర సున్నా అయిందనుకుందాం. అనునాదం అక్కడుంది. పొడవు, పౌనఃపున్యం విలోమానుపాతంలో ఉంటాయి కనుక కొత్త పొడవు 20.4 × 6.95 ÷ 7.1, అంటే 19.97 మీటర్లు. ఒక్కో వైపు సుమారు 21.5 సెంటీమీటర్లు తగ్గించాలి. కత్తిరించకుండా కొసను వెనుకకు మడిచి తీగకే చుట్టి మళ్లీ కొలిస్తే, పొరపాటు దిద్దుకొనే వీలుంటుంది.

ఇక నిరోధ భాగం. ఆదర్శ పరిస్థితిలో అనునాద డైపోల్‌కు సుమారు 73 ఓమ్‌లు వస్తాయని పుస్తకాలు చెబుతాయి. అది చుట్టూ ఏమీ లేని శూన్యంలోని డైపోల్ సంగతి. నేలపై ఎత్తు మారితే ఈ విలువ 73కు పైకీ కిందికీ ఊగుతుంది. పావు తరంగం కంటే బాగా తక్కువ ఎత్తులో సాధారణంగా తగ్గుతుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం సుమారు పదిన్నర మీటర్లు కనుక మన మేడలపై కట్టిన డైపోల్‌లు చాలావరకు ‘తక్కువ ఎత్తు’ జాబితాలోకే వస్తాయి. పక్కనున్న నీళ్ల ట్యాంకు పైపులు, స్లాబులోని ఇనుము తమ ప్రభావం తాము చూపుతాయి. అందుకే పుస్తకంలోని విలువ రాలేదని కంగారు పడనవసరం లేదు. 62 ఓమ్‌లు వస్తే ఎస్.డబ్ల్యూ.ఆర్. 1.24. అక్కడ మ్యాచింగ్ కోసం శ్రమపడడం వృథా.

కొలత చదువుతున్నప్పుడు కేబుల్‌ను చేత్తో పట్టుకొని చూడాలి. తెరపై గీత కదిలితే కేబుల్ బయటి తొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోయిందని అర్థం. డైపోల్ రెండు భుజాలు సమానం. కోయాక్సియల్ కేబుల్ రెండు వాహకాలు సమానం కావు. ఆ భేదం వల్ల విద్యుత్తు తొడుగు వెలుపలి తలంపై పరుగెడుతుంది. ఫెరైట్ రింగుపై కేబుల్‌ను కొన్ని చుట్లు చుట్టి డైపోల్ మధ్య బిందువు దగ్గర ఉంచితే ఆ ప్రవాహం అణగుతుంది. ఆ పని చేయకముందు తీసిన కొలత యాంటెన్నాది కాదు. యాంటెన్నా, కేబుల్, కొలిచే మనిషి ముగ్గురిదీ.

పరికరం భద్రత గురించి ఒక మాట. పొడవైన తీగపై గాలి, మేఘాల వల్ల స్థిరవిద్యుత్తు చేరుతుంది. తగిలించే ముందు యాంటెన్నా రెండు కొసలను కలిపి, భూమికి తాకించాలి. సమీపంలో ట్రాన్స్‌మిటర్ పనిచేస్తుండగా కొలవరాదు. ఉరుములున్న రోజు ఈ పని అసలే తగదు.

6. మ్యాచింగ్

పొడవు సవరించినా నిరోధం 50కి దూరంగా ఉన్నప్పుడే మ్యాచింగ్ వలయం అవసరమవుతుంది. సదిశ కొలత విలువ ఇక్కడ పూర్తిగా తెలుస్తుంది. ముందు చెప్పిన నాలుగు యాంటెన్నాలనే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర మళ్లీ చూద్దాం.

40 + జె30కి శ్రేణిలో 30 ఓమ్‌ల కెపాసిటర్ ప్రతిరోధం, అంటే సుమారు 750 పికోఫారాడ్‌లు కలిపితే 40 ఓమ్‌లు మిగులుతాయి; ఎస్.డబ్ల్యూ.ఆర్. 1.25. 40 − జె30కి 0.67 మైక్రోహెన్రీల కాయిల్ అదే ఫలితం ఇస్తుంది. 100 ఓమ్‌ల యాంటెన్నాకు 75 ఓమ్‌ల కేబుల్‌ను పావు తరంగం పొడవున మధ్యలో పెడితే చాలు. 75 వర్గాన్ని 100తో భాగిస్తే 56 ఓమ్‌లు, ఎస్.డబ్ల్యూ.ఆర్. 1.13. ప్లాస్టిక్ నింపిన కేబుల్ అయితే ఆ ముక్క పొడవు దాదాపు 7 మీటర్లు. టీవీ కేబుల్ 75 ఓమ్‌లదే కనుక దొరకడం కష్టం కాదు. అయితే అందులో నురుగు నింపినవి ఎక్కువ, వాటిలో తరంగ వేగం వేరు. సూత్రంతో కత్తిరించకుండా ఎనలైజర్‌తోనే ఆ ముక్కను కొలవాలి. ఒక కొస తెరచి ఉంచితే, పావు తరంగం పౌనఃపున్యం దగ్గర రెండవ కొస షార్ట్‌గా కనిపిస్తుంది.

25 ఓమ్‌లది కొంచెం ఆసక్తికరం. శ్రేణిలో 25 ఓమ్‌ల ప్రేరక ప్రతిరోధం, అంటే 0.56 మైక్రోహెన్రీలు చేర్చితే 25 + జె25 అవుతుంది. ఎస్.డబ్ల్యూ.ఆర్. మునుపటికన్నా పెరుగుతుంది. సంఖ్యను మాత్రమే చూసేవారు ఇక్కడే వెనుదిరుగుతారు. కాని ఆ అవరోధాన్ని విలోమం చేస్తే 0.02 − జె0.02 వస్తుంది, 0.02 అంటే 50 ఓమ్‌లే. మిగిలిన కల్పిత భాగాన్ని సమాంతరంగా పెట్టిన 450 పికోఫారాడ్‌ల కెపాసిటర్ రద్దుచేస్తుంది. స్మిత్ చార్ట్‌పై బిందువు మొదట కేంద్రం నుంచి దూరంగా జరిగి, తరువాత వేరొక వృత్తం వెంట నేరుగా కేంద్రానికి చేరుతుంది.

ఎనలైజర్ ఒక మిల్లీవాట్‌కు చాలా లోపు శక్తితో కొలుస్తుంది. అదే వలయం గుండా 100 వాట్లు పంపినప్పుడు ఆ సమాంతర కెపాసిటర్‌లో సుమారు 1.4 ఆంపియర్లు పారుతాయి. తెరపై అందంగా కనిపించిన చౌక కెపాసిటర్ నిమిషాల్లో వేడెక్కి విలువ మార్చుకోవచ్చు. ఈ సంగతిని పరికరం ముందుగా హెచ్చరించదు.

7. కేబుల్ దాచే నష్టం

ఎత్తైన స్తంభం ఎక్కడం ఎవరికీ ఇష్టం ఉండదు కనుక కొలతలు ఎక్కువగా కింద, గదిలోనే జరుగుతాయి. స్తంభంపై యాంటెన్నా ఎస్.డబ్ల్యూ.ఆర్. 3 ఉందనుకుందాం; పావు వంతు శక్తి తిరిగివస్తోంది. కేబుల్ ఒకవైపు నష్టం 3 డెసిబెల్‌లు. పోయేటప్పుడు సగం, తిరిగివచ్చేటప్పుడు సగం హరించుకుపోయి, గదిలోకి పావులో పావు మాత్రమే చేరుతుంది. కింద ఎనలైజర్ చూపే ఎస్.డబ్ల్యూ.ఆర్. 1.67. ఏ నిర్వాహకుడైనా దానిని చూసి తృప్తిపడతాడు. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నా వరకు చేరేది 25 వాట్లు, అందులోనూ పావు వంతు వెనుకకు మళ్లుతుంది. సన్నని ఆర్‌జీ-58 రకం కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్లకే సుమారు ఇంత నష్టం కలిగిస్తుంది. అదే కేబుల్ 50 మీటర్లుంటే యాంటెన్నా ఊడిపడిపోయినా కింద ఎస్.డబ్ల్యూ.ఆర్. 1.2 దగ్గరే కనిపిస్తుంది.

వానాకాలంలో ఈ మాయ ఇంకా పెరుగుతుంది. కనెక్టర్ సందులోంచి తొడుగులోకి ఇంకిన నీరు నష్టాన్ని పెంచుతుంది. నష్టం పెరిగితే పరావర్తనం తగ్గినట్లు కనిపిస్తుంది. అందువల్ల ప్రసారం బలహీనపడుతున్న కొద్దీ మీటరులోని సంఖ్య మెరుగవుతూ వస్తుంది. శ్రోతలు ‘సరిగా వినబడడం లేదు’ అంటుంటే, నిర్వాహకులు ‘మా దగ్గర అంతా బాగుంది’ అనే వాదన ఇలా పుడుతుంది. ఇద్దరూ తాము చూసినదే చెబుతున్నారు.

దీనిని తేల్చే పరీక్ష ఎనలైజర్‌తో సులభం. కేబుల్ కొత్తదిగా ఉన్నప్పుడే దూరపు కొసను షార్ట్ చేసి, ఇవతలి కొస దగ్గర కాలిబ్రేషన్ చేసిన పరికరంతో పరావర్తన నష్టాన్ని డెసిబెల్‌లలో కొలవాలి. షార్ట్ నుంచి శక్తి అంతా తిరిగివస్తుంది కనుక కనిపించిన నష్టంలో సగం కేబుల్ ఒకవైపు నష్టం. 2 డెసిబెల్‌లు కనిపిస్తే కేబుల్ నష్టం 1 డెసిబెల్. ఈ విలువను, తేదీని, పౌనఃపున్యాన్ని, యాంటెన్నా దగ్గర తీసిన అవరోధ పట్టికను కలిపి దాచుకోవాలి. కంప్యూటరుకు కలిపితే ‘టచ్‌స్టోన్’ రూపంలో ఫైలుగా భద్రపరచవచ్చు. వానలు వెలిశాక యాంటెన్నాను విడదీసి అదే చోట షార్ట్ పెట్టి, అదే పౌనఃపున్యంలో తిరిగి కొలిచినప్పుడు 2 డెసిబెల్‌ల చోట 5 వస్తే, యాంటెన్నాను ముట్టుకోవలసిన పని లేదు. మార్చవలసినవి కేబుల్, దాని కనెక్టర్లు.